రాతి మీది పేర్లు, నవలలోని నాయికలు
అడివి బాపిరాజు చారిత్రక కల్పనకు ఆధారాలు

నాగార్జునకొండ మహాచైత్యానికి నిలిపిన ఆయక స్తంభాలలో ఒకదాని మీద ఒక స్త్రీ పేరు ఉంది: అడవి చాంతిసిరి. ఆమె గురించి ఆ శాసనం చెప్పేది చాలా తక్కువ. ఇక్ష్వాకు మహారాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలునికి కుమార్తె. మాఠరీపుత్ర వీరపురుషదత్తునికి సోదరి. ధనక వంశానికి చెందిన మహాసేనాపతి, మహాదండనాయకుడు ఖందవిసాఖంణకునికి భార్య. వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షంలో ఆమె ఆ స్తంభాన్ని దానం చేసింది. ఆమె వయసెంతో, రూపమేమిటో, మనసులో ఏముండేదో చెప్పవలసిన పని ఆ రాతికి లేదు.

ఈ నాలుగు ముక్కలే ఆధారంగా అడివి బాపిరాజు ఒక నవల కట్టారు. దాని పేరే 'అడివి శాంతిశ్రీ'. తెలుగు చారిత్రక నవలలలో శాసనంలోని దాత పేరును యథాతథంగా శీర్షికకు ఎక్కించినవి అరుదు. ఆయన నవలలలో 'గోన గన్నారెడ్డి'కి ఎక్కువ పేరు వచ్చింది, 'హిమబిందు'కు ఎక్కువ అభిమానులున్నారు. అయినా బౌద్ధ పురాతత్త్వంతో పరిచయమున్నవారు మొదట తెరవవలసినది 'అడివి శాంతిశ్రీ' అని నా అభిప్రాయం. ఒక రచయిత తవ్వకాల ఫలితాలను ఎలా చదివాడో, వాటిలో ఏది ఏరుకున్నాడో, ఏది వదిలేశాడో అందులో తేటగా కనిపిస్తుంది.

ఈ విచారణ ఎందుకు అవసరమో చెప్పాలి. క్షేత్రపరిశీలన కోసం కొంతకాలంగా మధ్య అండమాన్‌లోని మాయాబందర్‌లో ఉంటున్నాను. ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో ఒక పెద్దాయన, సాహిత్యాభిమాని, ఒక సాయంత్రం నన్నొక ప్రశ్న అడిగారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చారు కదా, ఆ విజయపురి శాంతిశ్రీ విజయపురియేనా, ఇక్ష్వాకుల ఓడలు ఇక్కడిదాకా వచ్చేవా అని. కాదని చెప్పాను. ఆ పేరు ప్రభుత్వం ఇటీవల పెట్టినది. కృష్ణా తీరపు విజయపురితో దానికి సంబంధం లేదు. ఇక్ష్వాకులు ఈ దీవులకు వచ్చారనడానికి ఏ ఆధారమూ లేదు. ఆయన నిరాశపడ్డారేమో గాని నన్ను ఆ ప్రశ్న వదల్లేదు. మూడో శతాబ్దపు ఒక రాజవంశం పేరు ఆయనకు తెలిసినది పాఠ్యపుస్తకం వల్ల కాదు, సంగ్రహాలయం వల్ల కాదు, మన సంస్థల ప్రచురణల వల్ల అసలే కాదు. ఒక ప్రణయకథ వల్ల. అలాంటి పాఠకులు వేల సంఖ్యలో ఉన్నారు. వారికి ఇక్ష్వాకుల చరిత్ర అంటే బాపిరాజు చెప్పినదే. కనుక ఆయన ఏ ఆధారాలతో చెప్పారో చూడడం సాహిత్య విమర్శకులకు వదిలేసి ఊరుకోగల పని కాదు.

బాపిరాజు (1895-1952) చిత్రకారుడు, కవి, న్యాయశాస్త్రం చదివినవాడు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయ వద్ద చిత్రకళ నేర్చుకున్నారు. తరువాత 1934 నుంచి 1939 వరకు అదే కళాశాలకు అధ్యక్షులుగా పనిచేశారు. (మాయాబందర్‌లో కూర్చుని బందరు గురించి రాయడం నాకు కొంత వింతగానే ఉంది. రేవు అన్న ఒకే మాట రెండు తీరాల మీదా నిలిచిపోయింది.) బందరుకు దగ్గరలోనే ఘంటసాల ఉంది. అక్కడి స్తూపం, శాసనాలు అప్పటికే పండితులకు తెలుసు. కృష్ణ వెంట పైకి వెళితే అమరావతి, జగ్గయ్యపేట, ఇంకా పైన నాగార్జునకొండ. ఆయన ఊహ తిరిగిన భూగోళం ఇదే.

ఆయన తరం వారికి కలిసివచ్చిన కాలం కూడా చెప్పుకోవాలి. విజ్ఞాన చంద్రికా మండలి 1906లో మొదలై చారిత్రక నవలలకు పోటీలు పెట్టింది. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో వచ్చింది. 1926లో రంగస్వామి సరస్వతి నాగార్జునకొండ లోయలోని శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వారు. అక్కడి ప్రాకృత శాసనాలను ఫోగెల్ పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించారు. ఒక తెలుగు చిత్రకారుడికి, అదీ పేరు అడివి బాపిరాజు అయినవాడికి, ఆ శాసనాల పట్టిక చదువుతుంటే ఏమనిపించి ఉంటుంది? ఒక స్తంభం మీద 'అడవి' చాంతిసిరి. అదే చైత్యం దగ్గర ఇంకో స్తంభం మీద 'బాపి'సిరిణిక, అంటే వీరపురుషదత్తుని రాణి. తన ఇంటిపేరు ఒక రాతి మీద, తన పేరులో సగం మరో రాతి మీద, పదహారు వందల ఏళ్ళకు పైగా ఎదురుచూస్తున్నట్టు కనిపించాయి. ఇది యాదృచ్ఛికమే. కానీ రచయితలకు ప్రేరణ ఇలాంటి చోటనే పుడుతుందని నేను నమ్ముతాను, సిద్ధాంతాల దగ్గర కాదు.

ఇక్కడ ఒక చిన్న వివరం. ఆ ఒక్క చైత్యం దగ్గరే ముగ్గురు చాంతిసిరులున్నారు. ఒకరు చాంతమూలుని సోదరి చాంతిసిరి, మహాచైత్య నిర్మాణానికి ముఖ్య దాత. రెండో ఆమె చాంతమూలుని కుమార్తె అడవి చాంతిసిరి. మూడో ఆమె కులహక వంశపు ఆడపడుచు చులచాంతిసిరిణిక. 'చుల' అంటే చిన్న. ఒకే పేరున్న ఆడవాళ్ళను పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అని వేరు చేసుకునే మన ఇళ్ళ అలవాటు ఆ రాజకుటుంబంలోనూ ఉందన్నమాట. 'అడవి' అన్నది కూడా అలా వేరు చేయడానికి చేర్చిన విశేషణం కావచ్చు, ఒక ప్రాంతంతో సంబంధాన్ని చెప్పేదీ కావచ్చు. బాపిరాజు ఈ మాటను వదులుకోకుండా శీర్షికలో నిలబెట్టడం చూస్తే, ఆయన శాసనాన్ని ఎవరో చెప్పగా విన్నవాడిలా గాక, అక్షరం వెంట చదివినవాడిలా కనిపిస్తారు.

అయితే చాంతిసిరి శాంతిశ్రీ ఎలా అయింది? ప్రాకృత 'చాంత'కు సంస్కృతంలో 'శాంత' సమానమని ఆ రోజులలో చాలామంది పండితులు తీసుకున్నారు. చాంతమూలుడు శాంతమూలుడయ్యాడు. ఇది ఒక ప్రతిపాదన మాత్రమే. ఇప్పుడు చాలామంది పరిశోధకులు ప్రాకృత రూపాన్నే ఉంచుతున్నారు, అదే సరైన పద్ధతి. నవలకు మాత్రం ఈ సంస్కృతీకరణ పెద్ద మేలు చేసింది. 'శాంతి' అన్న అర్థం చేరగానే పేరుకు ఒక స్వభావం వచ్చింది, బౌద్ధ వాతావరణానికి అది అతికింది. నష్టమూ ఉంది. బాపిసిరి, హంమసిరి, ఛఠిసిరి అన్న పేర్లలో ఒక ఇంటి పిలుపు వినిపిస్తుంది. వాటిని సంస్కృతంలోకి ఎత్తగానే అవి నాటకంలోని పాత్రల పేర్లయిపోతాయి. ప్రాకృతంలో దానం చెప్పించుకున్న స్త్రీ ఇలా మాట్లాడి ఉండదు అన్న అనుమానం అలాంటి పేర్లు ఎదురైన ప్రతిచోటా పీడిస్తుంది.

'హిమబిందు'లో ఇంకా ఆసక్తికరమైన సంగతి ఉంది. అది శాతవాహన శ్రీముఖుని కాలపు కథ. నాయిక వర్తకుడు చారుగుప్తుని కూతురు హిమబిందు. నాయకుడు సువర్ణశ్రీ, శిల్పి ధర్మనంది కొడుకు. ధర్మనంది కుమార్తెలు నాగబంధునిక, సిద్ధార్థినిక. ఈ పేర్లు చదివినప్పుడల్లా నాకు జగ్గయ్యపేట గుర్తుకు వస్తుంది. అక్కడ 1882లో బర్జెస్ తవ్విన స్తూపంలో దొరికిన ఆయక స్తంభ శాసనం వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షానిది. దాత సిద్ధథుడు అనే 'ఆవేసని', అంటే కార్మికశాలకు పెద్ద అయిన శిల్పి. అతని తండ్రి నాగచందుడూ ఆవేసనియే. తల్లి, భార్య, కొడుకు, తమ్ముడు, తమ్ముని భార్య, వారి పిల్లలు అందరినీ పేరుపేరునా కలుపుకుని, వేలగిరి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలిపాడు. అతని కూతురి పేరు నాగబుధనిక. తమ్ముని కూతురి పేరు సిధథనిక.

నాగబుధనిక నాగబంధునిక కావడానికీ, సిధథనిక సిద్ధార్థినిక కావడానికీ ఎంతో దూరం లేదు. ఒక శిల్పి ఇంటి ఆడపిల్లల పేర్లను బాపిరాజు మరో శిల్పి ఇంటి ఆడపిల్లలకే పెట్టారు. ఇంకా తరచి చూస్తే నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనంలో నిర్మాణాన్ని పర్యవేక్షించిన ముగ్గురు థేరుల పేర్లున్నాయి: చందముఖ, ధంమనంది, నాగ. ధంమనంది అన్న పేరు శిల్పాచార్యునికి సరిపోతుందని తోచడానికి ఆ శాసనమే కారణమని నా ఊహ. రాజుల పేర్లు పురాణాల నుంచి ఎవరైనా తీసుకోగలరు. పనివాళ్ళ ఇళ్ళ పేర్లు కావాలంటే శాసనాల అడుగు పంక్తులు చదవాలి. పరిశోధన అనే మాటకు నా లెక్కలో ఇదీ అర్థం.

నవలలోని ప్రేమ సాధ్యతను కూడా ఈ శాసనాల వెలుగులో చూడవచ్చు. శిల్పి కొడుకుకు కోటీశ్వరుని కూతురితో ప్రణయమేమిటి, ఇది కేవలం కావ్యకల్పన అని కొట్టివేసేవాళ్ళున్నారు. ఐదు ఆయక స్తంభాలు దానం చేయగలిగిన ఆవేసని నిరుపేద కాడు. సాంచి దక్షిణ తోరణం మీద పై దూలాన్ని దానం చేసినవాడు శాతకర్ణి రాజు ఆవేసని ఆనందుడు. అమరావతిలో పూర్ణకుంభపు ఫలకాన్ని ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. సుగంధద్రవ్యాల వ్యాపారి, గృహపతి, భిక్షుణి, చర్మకారుడు ఒకే స్తూపం చుట్టూ పక్కపక్కన నిలిచిన లోకం అది. సువర్ణశ్రీ, హిమబిందు ఒకే స్తూపం నీడన కలుసుకోవడానికి ఆ లోకంలో చోటుంది. బాపిరాజు తన కథను అంతఃపురంలో గాక చైత్యం చుట్టూ నడపడం వల్ల, తెలిసో తెలియకో, ఆ కాలపు సామాజిక సత్యానికి దగ్గరగా వెళ్ళారు.

కాలం విషయంలో మాత్రం ఆయనతో ఏకీభవించలేము. జగ్గయ్యపేట శాసనం క్రీస్తుశకం మూడో శతాబ్దానిది. శ్రీముఖుని కాలాన్ని ఎవరు ఎంత కిందికి దించినా ఆ రెంటికీ మధ్య మూడు వందల ఏళ్ళకు తక్కువ ఉండదు. ధాన్యకటకం శ్రీముఖుని రాజధాని అన్న నవలలోని చిత్రానికి శాసనాధారం లేదు. తొలి శాతవాహన శాసనాలు నాసిక్, నానేఘాట్ గుహలలో ఉన్నాయి. శ్రీముఖుని పేరుతో నాణేలు కరీంనగర్ ప్రాంతపు కోటిలింగాలలో బయటపడ్డాయి, అదీ బాపిరాజు మరణించిన ఎన్నో ఏళ్ళకు. అమరావతిలో శాతవాహనుల పేరు శాసనాలలో కనిపించేది వాసిష్ఠీపుత్ర పులుమావి కాలం నుంచే. ఆంధ్రులు కృష్ణాతీరం నుంచి బయలుదేరి మగధ దాకా ఏలారన్నది ఆయన తరం వారికి ప్రియమైన నమ్మకం. భాషారాష్ట్ర ఉద్యమకాలంలో అది చరిత్రకారులనే ముంచెత్తింది, నవలాకారుడు ఒక్కడే ఒడ్డున నిలబడాలని ఆశించడం న్యాయం కాదు. కానీ ఈ రోజు 'హిమబిందు'ను ముద్రించేవారు ముందుమాటలో ఈ రెండు వాక్యాలు రాయకపోవడం నాకు అర్థం కాదు.

పురాతత్త్వవేత్త చారిత్రక ప్రణయకథ మీద చేయి వేయడం కొత్త కాదు. ఫ్లోబేర్ 'సలాంబో' 1862లో వచ్చినప్పుడు ఫ్రోనర్ అనే పురాతత్త్వ పండితుడు కార్తేజ్ వివరాలను తప్పుపట్టాడు. నవల కోసం ట్యునీసియా వెళ్ళి చూసి వచ్చిన ఫ్లోబేర్ ఊరుకోలేదు, ఒక్కొక్క ఆక్షేపణకూ తన ఆధారాలు చూపించి బదులిచ్చాడు. ఆ వాదం చదివినవారికి ఇద్దరిలో ఎవరు ఎక్కువ పండితుడన్నది తేలదు. మన దేశంలో ఇంకో దారి ఉంది. మొహెంజొదారోలో తవ్విన రాఖాల్‌దాస్ బెనర్జీ తానే బెంగాలీలో 'శశాంక', 'ధర్మపాల' వంటి చారిత్రక నవలలు రాశాడు. ఆయన 'పాషాణేర్ కథా'లో భర్హుత్ స్తూపపు రాయి తన కథ తానే చెప్పుకుంటుంది. తెలుగులో పురాతత్త్వవేత్తలు నవలలు రాయలేదు. ఒక చిత్రకారుడు రాశాడు. అందువల్ల మనకు వచ్చినదేమిటో, పోయినదేమిటో గుర్తించాలి.

వచ్చినది కన్ను. బాపిరాజు నగను చెబితే బరువు తెలుస్తుంది, జుట్టుముడిని చెబితే ఏ వైపు వాలిందో తెలుస్తుంది. ఈ వివరాలలో ఎక్కువ భాగం అమరావతి, నాగార్జునకొండ ఫలకాల మీద చూడవచ్చు: ముంజేతి నిండా కడియాలు, నడుముకు పలుపేటల మేఖల, కాలికి లావుపాటి అందెలు. ఆయన వర్ణన చదివి సంగ్రహాలయానికి వెళ్ళినవాడు రాతిని ఇంకొంచెం సేపు నిలబడి చూస్తాడు. మా వృత్తి వాళ్ళు ఎన్ని నివేదికలు రాసినా ఆ పని చేయలేకపోయాం. కానీ చిత్రకారుడు శిల్పాన్ని శిల్పంగా నమ్ముతాడు. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన స్త్రీ ఒక శిల్పసంప్రదాయం కోరిన స్త్రీ. వంటయింట్లో, పొలంలో, వానాకాలంలో ఆమె ఎలా ఉండేదో ఆ ఫలకం చెప్పదు. బాపిరాజు నాయికలు ఎప్పుడూ ఫలకం మీద ఉన్నట్టే ఉంటారు. నాగార్జునకొండలోనే ఒక స్తంభం మీద కోటు, ఇజారు తొడుక్కుని బల్లెం పట్టుకున్న శక సైనికుడున్నాడు. విజయపురి వీధులలో ఇలాంటి మనుషులూ తిరిగారు. ఆ ముతకదనం, ఆ కలగాపులగం ఆయన విజయపురికి అంతగా పట్టలేదు.

అంతకంటే పెద్ద ఎంపిక ఒకటి ఉంది. మహాచైత్యపు శాసనాలలో నిజంగా నిండుగా కనిపించే వ్యక్తి అడవి చాంతిసిరి కాదు, ఆమె మేనత్త చాంతిసిరి. పుకియ వంశపు మహాతలవరుని భార్య, ఖందసాగరంణకుని తల్లి. అన్నదమ్ముడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధాలు చేసినవాడు, మహాసేనుని భక్తుడు. ఆమె మాత్రం బుద్ధుని ధాతువు మీద చైత్యం నిలబెట్టింది. తన పుట్టింటికీ మెట్టినింటికీ, గడిచినవారికీ ఉన్నవారికీ రాబోయేవారికీ మేలు కోరింది, తనకు నిర్వాణం కోరింది. మొదట వీరపురుషదత్తునికి మేనత్తగా కనిపించే ఆమె, 18వ రాజ్యవర్షపు శాసనంలో అతణ్ణి తన అల్లుడని చెప్పి, అతని ఆయుష్షు, విజయం కోరుతుంది. మధ్యలో మేనరికం జరిగిందన్నమాట. ఆ పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో ఏం జరిగింది? కూతురిని కోడలిగా పంపిన తల్లి, అల్లుడికి ఇంకా రాణులున్న తల్లి, ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధరభట్టారిక కూడా అదే చైత్యానికి స్తంభం ఇస్తుంటే పక్కన నిలబడి చూసిన తల్లి. నవలకు ఇంతకంటే ఏం కావాలి?

ప్రణయకథకు మాత్రం ఆమె పనికిరాదు. ప్రణయకథకు పెళ్ళి కాని అమ్మాయి కావాలి. శాసనం పెళ్ళయిన తరువాతి మాట చెబుతుంది, ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని. బాపిరాజు శాసనం మొదలయ్యే చోటికి ముందుకు, అంటే రాయి మౌనంగా ఉన్న కాలంలోకి వెళ్ళి కథ చెప్పారు. అది రచయిత హక్కు. దాని ఫలితం మాత్రం మనం చూస్తూనే ఉన్నాం. కట్టించిన మేనత్త మరుగున పడింది, ప్రేమించిన మేనకోడలు మిగిలింది. నాగార్జునకొండ చూడడానికి వచ్చినవాళ్ళలో శాంతిశ్రీ ఎవరని అడిగేవాళ్ళను చూశాను. మహాచైత్యం ఎవరు కట్టించారని అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కకు వస్తారు. అడిగినవాళ్ళకు కూడా మార్గదర్శకులు రాజు పేరే చెబుతారు.

అండమాన్‌లో పని చేస్తున్నప్పుడు ఈ పేర్ల సంగతి ఇంకో విధంగా తోచింది. ఈ దీవులలో మాకు దొరికేవి చిప్పల దిబ్బలు. తరతరాలుగా తిని పారేసిన చిప్పలు, పంది ఎముకలు, కుండ పెంకులు గుట్టలై మిగిలాయి. జరీన్ కూపర్ దక్షిణ అండమాన్‌లోని చౌల్దారిలో తవ్విన దిబ్బ సుమారు రెండు వేల రెండు వందల ఏళ్ళ నాటిదని తేలింది. ధాన్యకటకంలో స్తూపం పెరుగుతున్న రోజులలోనే ఇక్కడ కొందరు ఒడ్డున కూర్చుని వండుకు తిన్నారు. బంగాళాఖాతం మీదుగా ఓడలు పోతూనే ఉన్నాయి. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంది, ఘంటసాల శాసనంలో సివకుడనే మహానావికుడున్నాడు, ఏడో శతాబ్దంలో ఇత్సింగ్ కెడా నుంచి తామ్రలిప్తికి పోతూ ఈ దీవుల వరుసలోని నగ్నజనుల దేశాన్ని పేర్కొన్నాడు. అయినా ఇక్కడి మనిషి పేరు ఒక్కటీ ఏ రాతి మీదా లేదు. రాయడమే లేదు కనుక. ఇక్కడి గతం మీద ప్రణయకథ రాయాలంటే బాపిరాజుకైనా కలం సాగేది కాదనిపిస్తుంది. 1925లో బర్మా నుంచి వచ్చి మాయాబందర్ దగ్గర వెబి గ్రామం కట్టుకున్న కరెన్లకు తమ తాతల పేర్లు తెలుసు. ఆ దిబ్బలలోని వారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. చారిత్రక నవలకు రాజ్యం, యుద్ధం, కోట లేకపోయినా గడుస్తుంది. పేరు లేకపోతే గడవదు. ఆ పేరును కాపాడింది దానమిచ్చి చెక్కించుకున్నవారు, చెక్కినవారు. బాపిరాజు ఎంతగా ఈ దాతల మీద ఆధారపడ్డారో దిబ్బలు తవ్వేవారికి తొందరగా అర్థమవుతుంది.

ఆయన చూడలేకపోయినవి కూడా లెక్కలోకి తీసుకోవాలి. బాపిరాజు 1952లో కన్నుమూశారు. నాగార్జునసాగర్ ముంపు కారణంగా 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతటా జరిగిన తవ్వకాలు ఆయన ఎరుగరు. కోట, నదీతీరపు మెట్లు, అశ్వమేధ స్థలం, హారీతి గుడి, మెట్ల వరుసలతో కట్టిన రంగమండపం, పుష్పభద్రస్వామి ఆలయం ఇవన్నీ ఆ తరువాతే బయటపడ్డాయి. ఆయన విజయపురిలో ఇవి లేవని ఆక్షేపించడం అన్యాయం. పైగా 'అడివి శాంతిశ్రీ' ఇప్పుడు మరో విధంగా పనికివస్తుంది. లాంగ్‌హర్స్ట్, ఫోగెల్ కాలానికి తెలిసిన నాగార్జునకొండ ఎంతో, ఒక తెలుగు చదువరి మనసులో అది ఏ ఆకారం తీసుకుందో చెప్పే పత్రం అది. మేము తవ్వకాలలో పొరలు గుర్తించినట్టే ఆ నవలను ఒక పొరగా చదవవచ్చు. దాని కింద శాసనముంది, దాని పైన 1954 తరువాతి జ్ఞానముంది, అన్నిటి మీదా ఇప్పుడు నీళ్ళున్నాయి.

ఆ పై పొరతో కొత్త నవల రాయగలవారికి మిగిలిపోయిన శాసనమొకటి ఉంది. ఇందాక చెప్పిన బోధిసిరిది, వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షం. ఆమె రాణి కాదు, గోవగామానికి చెందిన ఇంటి ఉపాసిక. చులధంమగిరి మీద చైత్యగృహం కట్టించి తామ్రపర్ణి నుంచి వచ్చిన థేరులకు ఇచ్చింది. ఆ థేరులు కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ దేశాలను ప్రసన్నం చేసినవారని చెప్పింది. సిహళవిహారంలో బోధివృక్షానికి ఆలయం, పువసేలలో చెరువు, కంటకసేలలో రాతి మండపం, పపిలలో ఏడు గదులు, ఇలా తన దానాలన్నీ లెక్క పెట్టింది. తరువాత తన వాళ్ళను లెక్క పెట్టింది. భర్త బుధింణకుడు, తండ్రి, తల్లి, అన్నదమ్ములు, చెల్లెలు రేవతింణిక, మేనల్లుళ్ళు మహాచందముఖ చులచందముఖలు, మేనకోడళ్ళు మహామూల చులమూలలు, తాత మూలవాణియ, ఇంకా ఎందరో. ఏ ఇద్దరి ప్రేమ గురించీ అందులో ఒక్క మాట లేదు. కాని ఎవరినీ మరిచిపోకూడదన్న ఆత్రం పంక్తి పంక్తిలోనూ ఉంది. చిట్టచివర ముగ్గురు థేరుల పేర్ల తరువాత, ఈ పని చేసినవాడు సేలవడఢకి విధికుడు అని ఉంది. సేలవడఢకి అంటే రాతిపనివాడు. ధంమనందిని బాపిరాజు తీసుకున్నారని నా ఊహ అన్నాను. ఆ పేరుకు కొద్ది దూరంలోనే ఉన్న విధికుణ్ణి మాత్రం ఇంకా ఎవరూ తీసుకోలేదు.